బందరు పట్టణ చరిత్ర – పంచాయతీలకు పాఠము

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతులలో పంచాయతీ చట్టమును గూర్చియు, పద్దుల లెక్కలను గూర్చియు, పన్నుల వసూలును గూర్చియు పెద్దలు మీకు బోధించుచున్నారు. నేను చట్టమును చెప్పుటకు రాలేదు. ఒక ఊరి కథ చెప్పవలెనని వచ్చితిని. ఆ ఊరు మీకందరకు తెలిసినదే. కాగితములపై దాని పేరు మచిలీపట్టణము, వాడుకలో బందరు. బందరు అనగా పారశీక భాషలో రేవు అని అర్థము.

“పట్టణపు కథ మాకెందుకు? మేము పల్లెటూళ్ళ వారము గదా!” అని మీరు అనవచ్చును. కాని ఒక ఊరికి తన క్షేమమును తానే చూచుకొను సభ ఒకటి ఎందుకు ఉండవలెనో, అది లేనినాడు ఏమి జరుగునో, ఉండియు నిద్రించినచో ఏమి జరుగునో తెలిసికొనుటకు బందరు కథకు మించిన పాఠము మన కోస్తాలో నాకు కనబడలేదు. ఆ పాఠము పట్టణమునకు ఎంత అవసరమో పల్లెకును అంతే అవసరము.

బందరు ప్రాంతము మిక్కిలి పురాతనమైన వర్తకస్థానము. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున ఒక గ్రీకు నావికుడు వ్రాసిన గ్రంథములో మసాలియా అను తీరమును, అచ్చట నేయబడుచున్న సన్నని నూలు వస్త్రములను పేర్కొనెను. అది కృష్ణా ముఖద్వార ప్రాంతమేయని పండితులు భావించుచున్నారు. గోలకొండ సుల్తానుల కాలమున బందరు ఆ రాజ్యమునకు ముఖ్యమైన రేవు. ఇచ్చటి అద్దకపు వస్త్రములు పారశీకమునకును, బర్మా తీరమునకును, తూర్పు దీవులకును ఓడలపై పోయెడివి. చిరువేరుతో వేసిన ఎర్ర రంగునకు దేశదేశముల గిరాకీ యుండెను. ఆ కలంకారీ పని నేటికిని బందరుకు చేరువనున్న పెడనలో జీవించియున్నది.

ఈ గుడ్డల కొరకే ఐరోపావారు వచ్చిరి. 17వ శతాబ్దము మొదట డచ్చివారు ఇచ్చట వర్తకశాల పెట్టిరి. 1611లో ఆంగ్లేయుల ఓడ ‘గ్లోబు’ వచ్చెను. వారును వర్తకశాల ఏర్పరచుకొనిరి. ఆ శతాబ్దములోనే ఫ్రెంచివారును వచ్చి చేరిరి. 1632లో గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా ఆంగ్లేయులకు వర్తకపు సదుపాయములు కల్పించుచు ఫర్మానా ఇచ్చెను. 1639లో మద్రాసు స్థలమును సంపాదించిన ఫ్రాన్సిస్ డే, ఈ బందరు వర్తకశాలకు చెందినవాడే. అనగా, మద్రాసు నగరమునకు పునాది వేసినవారు మన బందరునుండి కదలి పోయినవారు.

1759లో ఆంగ్లేయ సేనాని ఫోర్డు బందరు కోటను ఫ్రెంచివారినుండి పట్టుకొనెను. 1766లో కుంపిణీవారు నిజాముతో ఒడంబడిక చేసికొని ఉత్తర సర్కారులను పొందిరి. బందరులో ఒక చీఫును, ఆయనతో ఒక కౌన్సిలును ఉండి, 1794లో కలెక్టర్ల పద్ధతి వచ్చువరకు ఆ ప్రాంతమునంతటిని పాలించిరి. కౌన్సిలు అను మాట విని మీరు పొరబడకుడు. అది ఊరివారి కౌన్సిలు కాదు. ఎక్కడో లండనులోని వాటాదారులకు లెక్క చెప్పుకొను వర్తకుల కౌన్సిలు. అద్దకపువారికిని, బెస్తవారికిని, మగ్గముపై కూర్చున్నవారికిని అందులో చోటు లేదు.

ఈ సంగతిని మీరు బాగుగా గమనింపవలెను. రెండున్నర శతాబ్దములపాటు బందరుకు ఓడలు వచ్చినవి, ధనము వచ్చినది, కోటలు లేచినవి, ఫిరంగులు మ్రోగినవి. కోటకు కావలి యుండెను. గిడ్డంగులకు కావలి యుండెను. ఊరికి మాత్రము కావలి లేకుండెను. మురుగు ఎటు పోవలెను, త్రాగునీరు ఎచ్చటనుండి రావలెను, సముద్రము పొంగినచో జనులు ఎచ్చటికి పోవలెను అని ఆలోచించి, జనులకు జవాబు చెప్పవలసిన సంస్థ ఒక్కటియు లేదు.

1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి ఆ లోపమునకు ఊరు వెల చెల్లించినది. పెనుతుపానుతోబాటు సముద్రము లేచి ఊరిమీదికి వచ్చెను. ఆ ఉప్పెన మామూలు పోటు మట్టముకంటె సుమారు 13 అడుగుల ఎత్తున వచ్చినదనియు, కొన్నిచోట్ల పది మైళ్ళకు మించి లోపలికి పోయినదనియు నాటి అధికారులు వ్రాసి పెట్టిరి. పట్టణమునందును, చుట్టుప్రక్కల గ్రామములందును కలిసి సుమారు 30,000 మంది మరణించిరని లెక్క. నేల సమతలము. ఎత్తైన చోటు లేదు. చీకటిలో మనుష్యులు ఎటు పరుగెత్తవలెనో తెలియలేదు. తెల్లవారునప్పటికి పల్లెలకు పల్లెలే కనబడకుండ పోయినవి. ఆ దెబ్బనుండి బందరు మరల తన పూర్వవైభవమునకు రాలేదు.

ఆ ఉప్పెన తరువాత రెండేండ్లకు, 1866లో, బందరులో పురపాలక సంఘము ఏర్పడినది. ఇది ఉప్పెన కారణముననే జరిగినదని నేను చెప్పుట లేదు. 1865లో మద్రాసు ప్రభుత్వము రాజధాని అంతటికిని పట్టణాభివృద్ధి చట్టమును చేసెను. దాని క్రిందనే అనేక పట్టణములలో సంఘములు లేచినవి. అయినను, శవములను పూడ్చి, బావులనుండి ఉప్పునీరు తోడి, మరల పాకలు కట్టుకొనుచున్న ఊరికి ఆ సంఘము వచ్చినదని మరువరాదు.

ఆ తొలి సంఘము నేటి సంఘముల వంటిది కాదు. సభ్యులను ప్రభుత్వమే నియమించెడిది. అధ్యక్ష స్థానము కలెక్టరుది. పన్నులు ఊరివారివి, కాని పోలీసు ఖర్చులో ఎక్కువ భాగమును ఆ పన్నులనుండియే ఇయ్యవలసి యుండెను. “మేము పన్ను కట్టుచున్నాము, మాకేమి ఒరిగినది?” అని జనులు అడుగుటలో ఆశ్చర్యమేమున్నది? 1871 చట్టము ఆ పోలీసు భారమును తొలగించి, బడులు, వైద్యము, జననమరణముల నమోదు వంటి పనులను సంఘముల బాధ్యతలో చేర్చినది.

1882లో రిప్పను ప్రభువు స్థానిక స్వపరిపాలనను గూర్చిన తీర్మానమును వెలువరించెను. దానిననుసరించి 1884లో మద్రాసు రాజధానిలో రెండు చట్టములు వచ్చినవి. ఒకటి పట్టణములకు, పన్ను చెల్లించువారు తమ సభ్యులను ఎన్నుకొను పద్ధతి దానిచే విస్తరించినది. రెండవది పల్లెప్రాంతములకు, జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు, యూనియను పంచాయతీలు దానినుండి పుట్టినవి. మీరు కూర్చున్న కుర్చీయు, పట్టణపు కౌన్సిలరు కూర్చున్న కుర్చీయు ఒకే ఏట ఒకే ఆలోచననుండి వచ్చినవని గ్రహింపుడు. 1920లో ఈ రెండు దారులలోను మరల క్రొత్త చట్టములు వచ్చినవి. స్వాతంత్ర్యానంతరము 1959 నవంబరు 1వ తేదీన మన రాష్ట్రమున పంచాయతీరాజ్ వ్యవస్థ ఆరంభమైనది. 1992లో చేసిన 73, 74వ రాజ్యాంగ సవరణలు 1993లో అమలులోనికి వచ్చి, పంచాయతీలకు 29 అంశములను, పురపాలక సంస్థలకు 18 అంశములను పేర్కొనినవి. పట్టణము పెద్దది, పల్లె చిన్నది కావచ్చును. రాజ్యాంగమున మాత్రము రెండును ప్రభుత్వములే.

చట్టమొక్కటే ఊరిని నిలబెట్టదు. బందరుకు రేవు క్షీణించినది. తీరము లోతు లేనిది. పెద్ద ఓడలు కొన్ని మైళ్ళ దూరమున లంగరు వేయవలసి వచ్చెడిది. మిల్లుగుడ్డల పోటీకి చేనేత క్రుంగినది. 1933లో విశాఖపట్టణమున రేవు తెరచిన తరువాత వర్తకము అటు మరలినది. అయినను ఊరు చావలేదు. ఎందుచేతననగా, ఈసారి ఊరివారే సంస్థలను కట్టుకొనిరి. 1902లో కృష్ణాపత్రిక బందరులో పుట్టినది. ముట్నూరి కృష్ణారావుగారు దానిని చిరకాలము నడపిరి. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసినది. ఇచ్చట వైద్యవృత్తి చేసిన డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమగువరకు తెలుగువారి ఇండ్లలో దాని పేరు వినబడుచుండెను. రేవునకు వచ్చిన ధనము ఓడలతోనే తిరిగి పోయినది. ఊరివారు కూడి కట్టుకొన్న వాటి ఫలము మాత్రము తరములపాటు నిలచినది.

ఇప్పుడు మరల సముద్రపు సంగతికి వచ్చెదను. 1864 తరువాత నూటపదమూడేండ్లకు, 1977 నవంబరు 19వ తేదీన, దివిసీమపై ఉప్పెన విరుచుకొనిపడినది. నాగాయలంక, కోడూరు ప్రాంతముల పల్లెలు నీట మునిగినవి. సుమారు 10,000 మంది మరణించిరి. అప్పటికి తంతివార్తలు, రేడియోలు, వాతావరణ పరిశోధన కేంద్రములు అన్నియు ఉన్నవి. తుపాను వచ్చుచున్నదని పైవారికి తెలియును. కాని ఆ వార్త గుడిసె గుడిసెకు చేరవేసి, ముసలివారిని లేవదీసి, పిల్లలను ఎత్తుకొని, ఎత్తైన కట్టడమునకు చేర్చు ఏర్పాటు పల్లెలలో లేకుండెను. అట్టి కట్టడములే చాలచోట్ల లేవు.

ఆ తరువాత ప్రభుత్వమును, ధర్మసంస్థలును తీరమువెంట తుపాను షెల్టర్లు కట్టించిరి. సరుగుడు తోటలు వేయించిరి. హెచ్చరికల పద్ధతి మెరుగుపడినది. 1990 మే 9వ తేదీన మరియొక అతితీవ్రమైన తుపాను కృష్ణా ముఖద్వారము చేరువనే తీరము దాటినది. ఈసారి ఆరు లక్షలకు మించి జనులను ముందుగనే తరలించిరి. మరణించినవారు వేయిమందికి లోపు. ఆ వేయి ప్రాణములును విలువైనవే. ఏ రెండు తుపానులును ఒకే తీరుగ ఉండవనుటయు నిజమే. అయినను ముప్పది వేలు, పదివేలు, వేయికి లోపు అను ఈ మూడు లెక్కలను ప్రక్కప్రక్కన వ్రాసి చూచుకొనుడు. సముద్రము మారలేదు. గాలి మారలేదు. మారినది మన ఏర్పాటు.

ఆ ఏర్పాటులో కడపటి మెట్టు ఎవరిది? ఢిల్లీలో వాతావరణ శాఖ హెచ్చరిక పంపును. రాష్ట్ర రాజధాని ఆజ్ఞ పంపును. కలెక్టరు బస్సులు పంపును. కాని ఏ ఇంట నడువలేని వృద్ధురాలున్నదో, ఏ గుడిసెలో నెలలు నిండిన గర్భిణి యున్నదో, ఎవరు వేటకు పోయి ఇంకను తిరిగి రాలేదో వారికెవ్వరికిని తెలియదు. ఆ సంగతి వార్డు సభ్యునకు తెలియును; తెలియవలెను. అందుచేతనే మీ పదవి చిన్నది కాదని నేను చెప్పుచున్నాను.

నీటి సంగతి చూడుడు. తీరప్రాంతమున భూగర్భజలము ఉప్పన. విజయవాడకడ కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తియైన తరువాత కాలువనీరే ఈ సీమకు ప్రాణాధారమైనది. బందరు పట్టణము త్రాగునీటికి తరకటూరు చెరువుపై ఆధారపడియున్నది. అనగా పట్టణపువారు పల్లె చెరువునీరు త్రాగుచున్నారు. కాలువలో పైనున్న ఊరు చెత్త వేసినచో క్రిందనున్న ఊరు రోగము త్రాగును. మురుగుకాలువను ఒక పంచాయతీ పూడ్చినచో ప్రక్క పంచాయతీ పొలము మునుగును. డెల్టాలో ఏ ఊరును ఒంటరిది కాదు. కావున పొరుగు పంచాయతీతోను, పట్టణముతోను కూర్చుండి మాటలాడుకొనుట మర్యాద మాత్రమే కాదు, అవసరము.

ఇంకొక సంగతి. 2015లో బందరు నగరపాలక సంస్థగ మారినది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినను అది కృష్ణా జిల్లాకు కేంద్రముగనే నిలచినది. 2023లో మంగినపూడి తీరమున క్రొత్త రేవు పనులు ప్రారంభమైనవి. రేవులు వచ్చినపుడు భూముల ధరలు మారును, దారులు మారును, బ్రతుకుతెరువులు మారును. పూర్వము రేవు వచ్చినపుడు ఊరివారికి చెప్పుకొను సభ లేదు. నేడు ఉన్నది. దాని పేరు గ్రామసభ. అందు మాటలాడక, పిదప రచ్చబండమీద వాపోయిన లాభము లేదు.

సభలు ఉండియు సభ్యులు లేని కాలమును మనము చూచితిమి. 2018లో పంచాయతీల గడువు ముగిసినది. 2021లో ఎన్నికలు జరుగువరకు ప్రత్యేకాధికారులే చూచిరి. బందరులోను ఇటువంటి విరామము తరువాతనే 2021లో నగరపాలక సంస్థకు ఎన్నికలు జరిగినవి. అధికారులు తమ పని తాము చేసిరి. కాని వీధిదీపము వెలుగకున్నచో ఎవరి తలుపు తట్టవలెనో జనులకు తెలియలేదు. ఎన్నికైన సభ్యుడనగా జనులు తట్టదగిన తలుపు. ఆ తలుపు తెరచియుంచుట మీ ధర్మము.

“మాటలు బాగుగనే యున్నవి, మా పంచాయతీకి డబ్బేదీ?” అని మీలో కొందరు లోలోపల అనుకొనుచుందురు. న్యాయమైన ప్రశ్నయే. నిధులు చాలవు, వచ్చునవి ఆలస్యముగ వచ్చును. దీనిని పైవారికి చెప్పవలసినదే, గట్టిగ చెప్పవలసినదే. కాని మన చేతిలోనున్న ఇంటిపన్నును మనము ఎంతవరకు వసూలు చేయుచున్నాము? పన్ను అడిగినచో ఓటు పోవునను భయముతో ఎందరు వెనుదీయుచున్నారు? నాటి బందరువారు తమకు మాట లేని సంఘమునకు పన్ను కట్టిరి. నేడు మాటయు మనదే, లెక్కయు మనదే. వసూలైన ప్రతి రూపాయి ఎచ్చట ఖర్చైనదో గోడమీద వ్రాసి పెట్టుడు. లెక్క కనబడినచోట పన్ను కట్టుటకు జనులు అంతగా వెనుదీయరు.

ఇక మీరు ఇంటికి పోయి చేయదగిన పనులు కొన్ని చెప్పి ముగించెదను. వీనిలో చాలభాగమునకు ధనమక్కరలేదు, పూనిక కావలెను.

మొదటిది: ప్రతి వార్డు సభ్యుడును తన వార్డులో నడువలేనివారి పేర్లు, ఒంటరి వృద్ధుల పేర్లు, గర్భిణుల పేర్లు ఒక పుస్తకమున వ్రాసి యుంచుకొనవలెను. ఆరు నెలలకొకసారి దానిని సరిచూడవలెను. ఎవరిని ఎవరు తీసికొనిపోవలెనో ముందే నిర్ణయింపవలెను.

రెండవది: మీ ఊర తుపాను షెల్టరు గాని, ఎత్తైన బడి గాని యున్నచో దాని తాళముచెవి ఎవరికడ నున్నదో ఊరివారందరకు తెలియవలెను. గడ్డివాములతోను, ఎరువుబస్తాలతోను దానిని నింపరాదు. అందు నీటికుండీ, మరుగుదొడ్డి పనిచేయుచున్నవా అని వర్షకాలమునకు ముందును, కార్తీకమునకు ముందును చూడవలెను.

మూడవది: మురుగుకాలువల పూడిక తొలి వానకు ముందే తీయింపవలెను. తీసిన మట్టిని గట్టుమీదనే వదలినచో అది తొలి వానకే మరల కాలువలోనికి జారును.

నాల్గవది: తీరమున మడ అడవులను, సరుగుడు తోపులను నరకనీయరాదు. అవి ఉప్పెన వేగమును తగ్గించును. వంటచెరకుకొరకు నరికిన చెట్టు మరల పెరుగుటకు ఏండ్లు పట్టును. తుపాను అంతకాలము ఆగదు.

ఐదవది: గ్రామసభను పేరునకు గాక నిజముగ జరుపవలెను. స్త్రీలు రాగల వేళ పెట్టవలెను. జరిగిన మాటలను ఉన్నవి ఉన్నట్లు వ్రాయింపవలెను. 1864 నాటి ఉప్పెన సంగతి మనకు తెలియుటకు కారణము ఎవరో వ్రాసి పెట్టుటయే. మీరు వ్రాసిన మినిట్సు పుస్తకము మీ మనుమలకు చరిత్ర యగును.

మీలో ఎవరైనను బందరు పోయినపుడు, పని చూచుకొని తిరిగి రాకుండ, ఒక పూట బందరు కోటవైపు పోయి చూడుడు. శిథిలమైన గోడలు కనబడును. పట్టణమున డచ్చివారి సమాధులు కనబడును. రాళ్ళమీద చెక్కిన అక్షరములు నేటికిని నిలచియున్నవి. దూరదేశమునుండి వచ్చిన వర్తకులకు సమాధిరాళ్ళు మిగిలినవి. 1864లో మునిగిపోయిన పల్లెవారిలో చాలమందికి పేర్లు కూడ మిగులలేదు. వారి పేర్లు ఎవరి పుస్తకములోను లేవు. మీ వార్డులోని ప్రతి మనిషి పేరును మీ పుస్తకములో ఉండవలెను. అది మరణించిన పిదప వ్రాయు పట్టిక కాక, కాపాడుటకై ముందుగ వ్రాసికొన్న పట్టిక కావలెను.

ఊరికి కావలి మీరే.